మధ్యాహ్నం రెండు దాటితే ఏసీ బయటి పెట్టె మూలుగుతోంది, గది చల్లబడటం లేదు

పానగల్లు గట్టు | మే 6, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మాది నల్గొండ. పై అంతస్తులో, స్లాబు కింద గదిలో మా నాన్నగారు ఉంటారు. వయసు 74, ఆయాసం ఉంది. ఆ గదిలో 6 ఏళ్ల కిందట పెట్టించిన 1.5 టన్నుల స్ప్లిట్ ఏసీ ఉంది, ఇన్వర్టర్ రకం (కంప్రెసర్ వేగం అవసరాన్ని బట్టి మారేది) కాదు. బయటి పెట్టెను పడమటి గోడకు బిగించారు.

నాలుగు రోజులుగా మధ్యాహ్నం రెండు దాటగానే బయటి పెట్టె 'ఊఁ' అని మూలుగుతుంది. అయిదారు సెకన్లు అలా మూలిగి 'టక్' మని ఆగిపోతుంది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నాలుగైదు నిమిషాలకు మళ్లీ ఊఁ, మళ్లీ టక్. లోపలి నుంచి వట్టి గాలి వస్తుంది. రాత్రి పదకొండు దాటాక ఏమీ జరగనట్టే చక్కగా పనిచేస్తుంది. ఇది కాక, నడుస్తున్నప్పుడు గోడ దగ్గర సన్నగా 'గలగల' మంటుంది. అది నెల రోజులుగా ఉంది.

మెకానిక్ వచ్చి పెట్టె మూత కూడా తీయకుండా, చెవి పెట్టి విని, కంప్రెసర్ పోయిందన్నారు. కొత్తది వేయడానికి 14 వేలు అడిగారు. డబ్బు పెట్టడానికి వెనకాడటం లేదు కానీ, పోయిన కంప్రెసర్ రాత్రిపూట ఎలా నడుస్తుంది? ఈ ఒక్క ప్రశ్న నన్ను తొలిచేస్తోంది. తెలిసినవారు చెప్పండి.

గడియారం సెంటర్ | మే 6, రాత్రి 11:10

అక్కా, వోల్టేజీ చూడండి. మా వీధిలోనూ మధ్యాహ్నం అన్ని ఇళ్ల ఏసీలూ ఒకేసారి నడుస్తాయి, ట్యూబులైటు రెపరెపలాడుతుంది. స్టెబిలైజర్ ఉందా? దాని అంకె ఎంత చూపిస్తోంది? ఆ టక్ శబ్దం స్టెబిలైజర్ లోపల నుంచి వస్తోందేమో కూడా గమనించండి. వోల్టేజీ ఎగుడుదిగుడైతే అది కూడా అలాగే టక్కుమంటుంది.

మునగాల బాట | మే 6, రాత్రి 11:31

గ్యాస్ తగ్గినట్టుంది. ఏటా వేసవి ముందు ఒకసారి గ్యాస్ నింపించుకుంటే ఈ బాధ ఉండదు. మేము అలాగే చేస్తాం.

మిల్లు దారి | మే 7, ఉదయం 6:15

మాది మిర్యాలగూడ, చుట్టూ రైస్ మిల్లులు. యాసంగి వడ్లు మిల్లులకు వచ్చే రోజులూ ఎండలు ముదిరే రోజులూ ఒకటే. ఊక దుమ్ము గాలిలో తేలుతూ వచ్చి బయటి పెట్టె వెనక ఉండే జాలీకి పట్టుకుంటుంది. ముందు వైపు నుంచి చూస్తే ఏమీ కనిపించదు, అందుకే మనం మోసపోతాం. పోయిన ఏడాది మా పెట్టె వెనక్కి చేయి పోనిచ్చి తడిమాను. అల్యూమినియం రేకుల మీద కంబళి కప్పినట్టు మెత్తగా తగిలింది. చేత్తో పీకితే ఒక పొర పొరంతా ఊడివచ్చింది. మాకూ అదే ఊఁ, అదే టక్. మీ ఇంటి దగ్గర మిల్లు గానీ పత్తి జిన్నింగు గానీ ఉందా?

బాదేపల్లి పనిముట్టు | మే 7, ఉదయం 7:40

జడ్చర్లలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. 19 ఏళ్లుగా ఇదే పని. అమ్మా, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. పోయిన కంప్రెసర్ పగలైనా రాత్రైనా నడవదు.

ఏ ఇంటికి వెళ్లినా మొదట నేను అడిగేది ఆ శబ్దం ఎప్పుడు వస్తుందనే. వేసిన వెంటనేనా, పది నిమిషాలు నడిచాకా, ఆపినప్పుడా, ఎండలోనా, చల్లని పూటా. గలగల, కిర్రు, బుస అని శబ్దానికి ఎన్ని పేర్లు పెట్టినా, ఎప్పుడన్నది తెలిస్తే తప్ప ఎక్కడన్నది తెలియదు. మీరు ఎప్పుడన్నది చాలా బాగా రాశారు.

ఊఁ అనే మూలుగు మోటారుకు కరెంటు అందుతున్నా అది కదలలేకపోతున్నప్పుడు వచ్చేది. ఇంటి కరెంటు సింగిల్ ఫేజు కదా, దానితో కంప్రెసర్ మోటారు తనంతట తాను మొదలుకాలేదు. ఉయ్యాల ఊగాలంటే మొదట ఒకరు తోయాలి. ఆ తోపు ఇచ్చేది కెపాసిటర్. అది నీరసిస్తే మోటారు అక్కడే నిలబడి కరెంటు తాగుతుంది, వేడెక్కుతుంది. అప్పుడు కంప్రెసర్‌కు రక్షణగా పెట్టిన ఓవర్‌లోడ్ టక్కున కరెంటు తెంచుతుంది. అదే మీరు వినే టక్. అది చల్లారి కలిసినప్పుడల్లా మళ్లీ అదే కథ. ఫ్యాన్ దారి వేరు కనుక అది తిరుగుతూనే ఉంటుంది.

గ్యాస్ మాట రాసిన అన్నకు ఒక్క విషయం. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఏటా తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు మూయకుండా నింపడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. పైగా గ్యాస్ తగ్గిన ఏసీ మొదలుకావడానికి మొరాయించదు. కంప్రెసర్ తిరుగుతుంది, గాలి చల్లబడదు, లోపలి కాయిల్ మీద ఒక మూల మంచు కడుతుంది. ఈమె చెప్పిన లక్షణం అది కాదు.

అమ్మా, మూడు సంగతులు కావాలి. మధ్యాహ్నం మూడింటికి వోల్టేజీ ఎంత, రాత్రి పదకొండుకు ఎంత, పెట్టె వెనక జాలీ ఎలా ఉంది. అప్పటిదాకా మధ్యాహ్నం ఏసీ వేయకండి. ప్రతి ఊఁకీ లోపలి తీగచుట్ట కాలుతుంది. ఇలాగే నెల రోజులు మూలిగించి, చివరికి నిజంగానే కంప్రెసర్ కాల్చుకున్నవాళ్లను చూశాను.

ఇంకో మాట. మూత మీరు తీయకండి, ఇంట్లో పిల్లలను తీయనివ్వకండి. స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది, గట్టి దెబ్బ కొడుతుంది.

వనపర్తి పంతులమ్మ | మే 7, ఉదయం 8:20

ముందు నాన్నగారి సంగతి చూడండమ్మా. ఆయాసం ఉన్న మనిషిని మధ్యాహ్నం ఆ పై గదిలో ఉంచవద్దు. ఈ ఎండలకు స్లాబు సాయంత్రం ఏడింటికి కూడా సెగలు కక్కుతుంది. ఏసీ బాగయ్యేదాకా కింది గదిలో మంచం వేయండి, కిటికీకి తడిపిన వట్టివేళ్ల తడిక కట్టండి. మా ఇంట్లో అమ్మకు అలాగే చేస్తున్నాం.

పానగల్లు గట్టు | మే 7, రాత్రి 11:25

ఇవాళే నాన్నగారిని కిందికి దించాం. మెట్లు దిగడానికే చాలాసేపు పట్టింది. ఇవాళ ఏసీ వేయలేదు.

స్టెబిలైజర్ పోయిన ఏడాది కాలిపోతే, మార్చకుండా నేరుగా కలిపేశారు. అది నాకు ఇవాళే తెలిసింది. పక్కింట్లో వైరింగు పనిచేసే తమ్ముడు మీటరు పెట్టి చూశాడు. మధ్యాహ్నం 3 గంటలకు 198, ఇప్పుడు రాత్రి 226. పెట్టె వెనక్కి చేయి పట్టలేదు కానీ, ఫోను పోనిచ్చి ఫొటో తీశాను. రేకులు అసలు కనిపించడం లేదు. బూడిద రంగు చాప వేలాడుతున్నట్టుంది. మాకు మిల్లు దూరమే కానీ ఇంటి వెనక రోడ్డు మీద ధాన్యం లారీలు, పత్తి లారీలు తిరుగుతాయి.

బాదేపల్లి పనిముట్టు | మే 8, ఉదయం 6:50

మూడూ కలిశాయమ్మా, అందుకే మధ్యాహ్నం మాత్రమే.

వోల్టేజీ 230 ఉండవలసిన చోట 198 ఉంటే తగ్గింది 14 శాతమే కదా అనిపిస్తుంది. మోటారు మొదట తిరగడానికి కావలసిన బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. లెక్క వేస్తే దాదాపు నాలుగో వంతు బలం పోయింది. అటు వెనక జాలీ మూసుకుపోవడంతో వేడి బయటికి వెళ్లక లోపల గ్యాస్ ఒత్తిడి పెరుగుతుంది. బలం తగ్గిన మోటారు బరువు పెరిగిన గ్యాస్‌ను తోయాలి. దానికి తోడు పడమటి ఎండ నేరుగా పెట్టె మీద పడుతుంది. కెపాసిటర్‌కు అన్నిటికంటే పెద్ద శత్రువు వేడి. మీది నీరసించి ఉంటుంది. రాత్రి వోల్టేజీ పెరిగి, గాలి కొంచెం చల్లబడితే, ఆ మిగిలిన కొద్ది బలంతోనే మోటారు లేస్తోంది.

వచ్చే మెకానిక్‌తో కంప్రెసర్ పోయిందని అనిపించుకునే ముందు ఈ పరీక్షలు మీ ఎదుటే చేయించండి. కెపాసిటర్‌ను విప్పి మీటరులో చూడాలి. మీ లాంటి ఏసీలో కంప్రెసర్ కెపాసిటర్ మామూలుగా 35 నుంచి 50 మైక్రోఫారడ్ల (కెపాసిటర్ బలాన్ని కొలిచే లెక్క) మధ్య ఉంటుంది. డబ్బా మీద అచ్చు వేసిన అంకెకు 5, 6 శాతం అటూ ఇటూ అయితే పరవాలేదు, అంతకంటే తగ్గితే మార్చాలి. తరువాత కంప్రెసర్ మీద ఉండే కామన్, స్టార్టు, రన్ అనే మూడు పిన్నుల మధ్య ఓములు (కరెంటుకు తీగ ఇచ్చే అడ్డు) కొలవాలి. కామన్ నుంచి స్టార్టుకు ఎంత, కామన్ నుంచి రన్‌కు ఎంత, ఆ రెండూ కలిపితే స్టార్టుకూ రన్‌కూ మధ్య వచ్చే అంకె రావాలి. పిన్నుకూ ఇనుప ఒంటికీ మధ్య మీటరు పలకకూడదు. ఈ లెక్క సరిపోతే తీగచుట్ట బాగుంది. పది నిమిషాల పని. చెవి పెట్టి విని కంప్రెసర్ మార్చేవాళ్లంటే నాకు చాలా కోపం. ఈ పని మీద జనానికి నమ్మకం పోయేది అక్కడే.

ఇక గలగల. రెండు పెట్టెల మధ్య నడిచే రాగి గొట్టాలు ఒకదానికొకటి తగులుతున్నాయేమో, స్టాండు కింద రబ్బరు దిమ్మలు ఎండకు రాయిలా బిగుసుకుపోయాయేమో చూడమనండి. గొట్టాలు ఒరుసుకుంటూ ఉంటే కొన్నాళ్లకు రాగి అరిగి చిల్లు పడుతుంది. చిన్న శబ్దమే అయినా వదిలేయవద్దు.

వనపర్తి పంతులమ్మ | మే 8, ఉదయం 9:05

శబ్దాల మాట వచ్చింది కనుక మా అనుభవం చెబుతాను. మార్చిలో మొదటిసారి ఏసీ వేసిన రోజు లోపలి పెట్టెలో 'టకటకటక' మని ఒకటే లయ. ఫ్యాన్ వేగం పెంచితే టకటక కూడా వేగం పెరిగేది, తగ్గిస్తే తగ్గేది. ఎక్కడో తిరిగే దానికే ఏదో తగులుతోందని దాంతోనే తెలిసింది. ఆపి, ఎంసీబీ (కరెంటు తెంచే బోర్డు స్విచ్) కూడా దించి, టార్చితో చూస్తే బ్లోయర్ రెక్కల మధ్య ఎండిపోయిన బల్లి. సగం దేహం ఒక రెక్కకు అతుక్కుని, తోక బయటికి నిలబడి, తిరిగినప్పుడల్లా ప్లాస్టిక్‌కు కొట్టుకుంటోంది. ఇనుప చువ్వతో కాకుండా వెదురు పుల్లతో నెమ్మదిగా తీశాం. ఆ రెక్కలు చాలా పలచన. ఒక్కటి విరిగినా బరువు ఒక పక్కకు ఒరిగి, ఇక ఎప్పటికీ ఊగుతూనే తిరుగుతుంది.

రాత్రిపూట వచ్చే 'చిటపట' కు మాత్రం భయపడనక్కరలేదు. చల్లబడినప్పుడు ప్లాస్టిక్ ముడుచుకుంటుంది, ఆపినప్పుడు సాగుతుంది. మా పిల్లలు ఆ శబ్దానికి లేచి కూర్చునేవారు, ఇప్పుడు అలవాటైంది.

నల్లమల అంచు | మే 8, మధ్యాహ్నం 1:40

అచ్చంపేట నుంచి. మా ఏసీ ఆపిన వెంటనే లోపల 'బుస్' మని ఒక నిమిషం వస్తుంది, ఆ తరువాత నీళ్లు పారినట్టు ఉంటుంది. గ్యాస్ కారుతోందా? గదిలో చిన్నపాప పడుకుంటుంది, అందుకే భయం. అన్నా, కొంచెం చెప్పండి.

బాదేపల్లి పనిముట్టు | మే 8, రాత్రి 9:30

ఆపిన తరువాత ఒకటి రెండు నిమిషాలు వచ్చి ఆగే బుసకు భయపడవద్దు తమ్ముడూ. కంప్రెసర్ ఆగగానే ఎక్కువ ఒత్తిడి ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకు గ్యాస్ సన్నని గొట్టం గుండా జారుకుంటుంది. రెండు వైపులా సమానమైతే చప్పుడు ఆగుతుంది. అందుకే ఆపిన ఏసీని కనీసం మూడు నిమిషాలు ఆగి వేయాలంటారు.

నిజంగా కారుతుంటే తోడుగా వేరే గుర్తులు కనిపిస్తాయి. చల్లదనం వారం వారం తగ్గుతుంది. రాగి గొట్టాల నట్ల దగ్గర నూనె మరక, దాని మీద దుమ్ము జిడ్డుగా పట్టి ఉంటుంది. అక్కడ సబ్బు నురుగు రాస్తే బుడగలు లేస్తాయి. కాయిల్ మీద మంచు కడితే మాత్రం ముందు ఫిల్టర్ కడగండి, గాలి ఆడకపోయినా మంచు కడుతుంది. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్32 గ్యాస్‌కు కొద్దిగా మండే గుణం ఉంది. ఆర్290 అయితే ప్రొపేనే, అంటే వంట గ్యాస్ జాతిది. కారుతోందన్న అనుమానం ఉంటే గదిలో అగ్గిపుల్ల, అగరొత్తి వెలిగించకండి, కిటికీలు తెరవండి.

నీళ్ల శబ్దం బొడబొడమని ఎడతెగకుండా వస్తే బయటి డ్రెయిన్ గొట్టం చూడండి. చాలామంది ఆ నీళ్లు మొక్కలకు పడతామని గొట్టం చివరను బకెట్‌లోకి వదులుతారు. బకెట్ నిండి గొట్టం నీటిలో మునిగితే లోపలికి గాలి ఎదురుతన్ని గుడగుడలాడుతుంది. చివరను నీటికి పైన ఉంచితే చాలు.

మర్రిగూడ బోరు | మే 8, రాత్రి 10:05

జాలీ కడగడం గురించి ఒక హెచ్చరిక. పోయిన మేలో మా బయటి పెట్టె మీద తడి గోనెసంచి కప్పి, రోజూ బోరు నీళ్లు చల్లాను. మొదటి వారం గాలి చాలా చల్లగా వచ్చింది, సంబరపడ్డాను. రెండు నెలలకు అల్యూమినియం రేకుల మధ్య తెల్లటి పొలుసు గడ్డకట్టింది. మా వైపు నీళ్లంటే అందరూ ఫ్లోరైడ్ ఒక్కటే అనుకుంటారు. బోరు నీళ్లలో సున్నం కూడా ఎక్కువే, కాచిన గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. ఆ పొలుసు బ్రష్షుకు రాలేదు, గీరితే రేకులు వంగిపోయాయి. సంచి తడి ఆరిపోయినప్పుడు గాలికి కూడా అడ్డం. కడిగితే కుళాయికి వచ్చే భగీరథ నీళ్లతో కడగండి, అదీ ఏసీ ఆపి, లోపలి నుంచి బయటికి, మెల్లటి ధారతో. నీడ కోసం రేకు వేస్తే పెట్టెకు ఆనకుండా ఎత్తుగా వేయండి.

వాడపల్లి ఒడ్డు | మే 8, రాత్రి 10:40

ఇన్వర్టర్ ఏసీలు ఉన్నవారికి చిన్న మాట. కంప్రెసర్ స్వరం హెచ్చుతూ తగ్గుతూ ఉంటే అది దాని నడక, లోపం కాదు. బయటి పెట్టె ఒక్కసారి చిటుక్కుమని ఆగి, తెర మీద ఏదైనా అక్షరం, అంకె కనిపిస్తే మెకానిక్‌కు చెప్పడానికి రాసిపెట్టుకోండి. మాకు అలా ఆగడానికి కారణం, లోపలి సర్క్యూట్ బోర్డు మీదికి చీమలు చేరి మాడిపోవడం.

పానగల్లు గట్టు | మే 9, రాత్రి 9:15

ఇవాళ పొద్దున ఆరింటికే, ఎండ ఎక్కకముందే, వేరే మెకానిక్ వచ్చారు. మీరు రాసిన పరీక్షలన్నీ కాగితం మీద రాసుకుని పక్కనే నిలబడ్డాను. ఆయన కసురుకోలేదు, పైగా మీటరు నా వైపు తిప్పి చూపించారు.

కెపాసిటర్ మీద 45 అని ఉంది, మీటరులో 31 వచ్చింది. డబ్బా పైమూత చదునుగా ఉండాలట, మాది పూరీలా ఉబ్బింది. తీగలు తగిలించే చోట చిన్న గోధుమరంగు మరక ఉంది. పిన్నుల ఓములు మీరు చెప్పినట్టే కూడికకు సరిపోయాయి, ఒంటికి పలకలేదు. కంప్రెసర్ బంగారంలా ఉందన్నారు.

జాలీ నుంచి తీసిన దుమ్ము ఒక బియ్యం సంచి అడుగు నిండింది. పైపొర పత్తి నూగు, దాని కింద ఊక, అన్నిటికంటే లోపల ఒక పిచ్చుక ఈక. కుళాయి నీళ్లతోనే కడిగారు. కడిగాక పెట్టె వెనక నుంచి చూస్తే అవతల ఫ్యాన్ రెక్కలు కనిపించాయి, మూడేళ్లలో అవి కనిపించడం ఇదే మొదటిసారేమో.

గలగల కూడా దొరికింది. గోడలోకి వెళ్లే చోట రెండు రాగి గొట్టాలు ఒరుసుకుంటున్నాయి. ఒకదాని మీద గోటితో గీసినంత గాడి పడింది. మధ్యలో నురగ గొట్టం తొడిగి కట్టారు. కింది రబ్బరు దిమ్మలు నాలుగూ మార్చారు. మొత్తం 1,650 రూపాయలు అయింది.

మధ్యాహ్నం మూడింటికి వేశాం. ఊఁ లేదు. 'గుమ్' మని ఒక్కసారి లేచి నడిచింది. నేను గోడకు చెవి ఆనించి అరగంట నిలబడ్డాను. అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఒక్కటే అనుమానం మిగిలింది, బయటి ఫ్యాన్ ఆగేటప్పుడు చివర్లో సన్నగా 'కిర్ర్' మంటోంది.

బాదేపల్లి పనిముట్టు | మే 10, ఉదయం 6:30

చాలా సంతోషం తల్లీ. గొట్టం మీద ఆ గాడిని చూసుకోవడం అన్నిటికంటే మేలు చేసింది.

కిర్రుకు కారణం ఫ్యాన్ మోటారు బేరింగ్ కావచ్చు. మెకానిక్ మళ్లీ వచ్చినప్పుడు ఎంసీబీ దించి రెక్కను చేత్తో తిప్పి చూడమనండి. గరగరలాడినా, ఇరుసు ముందుకూ వెనక్కూ కదిలినా మార్చాలి. మెత్తగా తిరిగితే ఈ వేసవి గడుస్తుంది. ఫ్యాన్ నిలిచిపోతే మాత్రం కంప్రెసర్ నిమిషాల్లో వేడెక్కుతుంది, కనుక రోజూ ఒకసారి ఆ చప్పుడు పెరుగుతోందేమో వినండి. స్టెబిలైజర్ లేకుండా మాత్రం ఈ మే నెల నడపకండి. 198 అలాగే ఉంది కదా.

మునగాల బాట | మే 10, ఉదయం 8:00

ఏటా గ్యాస్ నింపిస్తామని రాసింది నేనే. ఇవాళ నట్ల దగ్గర సబ్బు నురుగు రాశాం. బయటి పెట్టె వెనక రెండో నట్టు దగ్గర బుడగలు వచ్చాయి. మెకానిక్‌ను రమ్మన్నాం. అన్నకు కృతజ్ఞతలు.

పానగల్లు గట్టు | మే 11, రాత్రి 10:20

నిన్న సాయంత్రం స్టెబిలైజర్ తెచ్చి బిగించాం. ఇవాళ మూడింటికి లోపలికి 201 వస్తే బయటికి 222 ఇస్తోంది. మునుపు మేము 18లో పెట్టేవాళ్లం, త్వరగా చల్లబడుతుందని. మెకానిక్ 24లో ఉంచమన్నారు. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ వేయగానే 24తోనే మొదలవ్వాలన్న నిబంధన కూడా ఉందట. 18లో పెట్టినా మా రకం ఏసీ వేగం పెరగదు, కంప్రెసర్‌కు ఊపిరి తీసుకునే సమయం మాత్రం ఉండదు. ఇవాళ 24లో నాలుగుసార్లు తనంతట తాను ఆగి, మళ్లీ సాఫీగా లేచింది. లెక్కపెట్టాను.

నాన్నగారిని పై గదికి తీసుకువెళ్లాం. తొమ్మిదింటికే నిద్రపట్టింది.